ఇంటికి ఒకటే లైను

"ఎవరక్కడ? ఎవరైనా సరే, నెట్టు వాడేది ఆపండి! డాక్టరుగారు మళ్ళీ బొమ్మైపోయారు!"

కట్టుడుపళ్ళు చేసే పళ్ళాయన కేక కింది పనిగదిలోంచి మేడ మీది దాకా వెళ్ళింది. తెర మీద పళ్ళ డాక్టరుగారు నోరు సగం తెరిచి, ఒక కన్ను మూసి, ఉన్నపళంగా ఆగిపోయారు. ఆయన పక్కనే, ఎవరో ముసలావిడ నోట్లోకి వెళ్ళాల్సిన కట్టుడుపన్ను బొమ్మ గిర్రున తిరుగుతూ తిరుగుతూ పక్కకి ఒరిగి నిలబడిపోయింది.

"చిన్నమ్మాయ్! పది నిమిషాలు ఆ వీడియో ఆపమ్మా, నీకు దణ్ణం పెడతాను!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

పైన చిన్నమ్మాయి, అదే ఆయన తమ్ముడి భార్య, ఎక్కడుంది? సోమవారం పొద్దున్నే కంప్యూటరు చంకన పెట్టుకుని, వీధి దాటి, ఎదురుగా ఉన్న టైలరమ్మ కొట్లో వెనక గది చూసుకుంది. చీకటి పడితే వస్తోంది, తింటోంది, పడుకుంటోంది. పని మాత్రం అక్కడే. వెళ్ళేముందు ఆమె అన్నది ఒక్కటే మాట: "లైను మీరే వాడుకోండి అక్కా." ఆ మాటలో కోపం ఉంటే పళ్ళాయన భార్య, ఆ ఇంటి పెద్దకోడలు, తట్టుకునేది, తిరిగి రెండు అనేది కూడా. కోపం లేదు. అందుకే అది ఇప్పటికీ గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

"తను ఇంట్లో లేదు కదండీ," అంది పెద్దకోడలు, మైనం చెక్కే కత్తి బల్ల మీద పెట్టి.

"లేదనే నేనూ అనేది! లేనప్పుడు ఇది ఎందుకాగింది?"

  ఇద్దరి మనసులోనూ ఒకటే మెదులుతోంది, దాన్ని పైకి తీసే ధైర్యం ఇద్దరికీ లేదు.

ఈ బల్ల దగ్గరే కదా, లైనంతా మేడమీదే తాగేస్తున్నారని ఇద్దరూ కలిసి ఆ పిల్లను ఆడిపోసుకున్నది! అంతకు ముందు ఇలాగే డాక్టరుగారు బొమ్మైపోయారు. ఆగిపోయిన పన్నునే చూసి ఆయన "బాగుంది, చేసేయండి" అన్నారు. వీళ్ళు చేసేశారు. తీరా పెట్టి చూస్తే పేషెంటు నోరు మూతపడలేదు. పన్ను తిరిగొచ్చింది. దానితోపాటు డాక్టరుగారి మాటా వచ్చింది, ఇంకోసారి ఇలాగైతే వేరే ల్యాబు చూసుకుంటానని. ఆ భయంలో పళ్ళాయన నోటికి అడ్డూ అదుపూ లేకపోయింది. పెద్దకోడలైనా ఆపిందా అంటే, ఆపకపోగా ఇంకో పుల్ల ఎగదోసింది: "మేం నలుగురి నోళ్ళు బాగుచేస్తున్నాం. చేతులు తిప్పే ఉద్యోగానికి అంత లైను దేనికే?"

చిన్నకోడలు చెవిటివాళ్ళకు దుబాసీ. చెప్పేవాళ్ళ మాట చెవిన వేసుకుని, వీడియోలో చేతులతో చెబుతుంది. వాళ్ళు చేతులతో చెప్పింది నోటితో చెబుతుంది. అది చేతులు తిప్పే ఉద్యోగమట!

పళ్ళాయన డాక్టరుగారికి ఫోను చేసి, బతిమాలి, కాసేపు గడువు తీసుకున్నాడు. పెద్దకోడలు లైను కంపెనీకి ఫోను చేసింది.

"మీ ఇంటికి వచ్చేది బాగానే వస్తోందండీ," అంది అవతలి అమ్మాయి. "మీ ఇంట్లోంచి బయటికి వెళ్ళే దారే నిండిపోయింది. అది నిండితే వచ్చేదీ తడబడుతుంది. ఏదో ఒకటి ఆపకుండా పంపిస్తూనే ఉందండీ. ఒక్కొక్కటే తీసి చూడండి."

"కొత్త లైను ఇవ్వరాదా?"

"మీ వీధిలో ఉన్నది పాత తీగండీ. రోడ్డు తవ్వితేగానీ కొత్తది రాదు."

ఇక చూడాలి ఆ మొగుడూ పెళ్ళాల హడావిడి. టీవీ తీశారు. ప్రింటరు తీశారు. ఆయన ఫోను, ఈమె ఫోను ఆపారు. పళ్ళాయన స్టూలెక్కి గోడ గడియారం కూడా దించబోయాడు.

"దానికి లైనెక్కడిదండీ?"

"ఏమో, దేన్ని నమ్మాలి!"

డాక్టరుగారు మూసిన కన్ను తెరవలేదు.

అప్పుడు పెద్దకోడలి చూపు బల్ల మీద ఆనించి ఉన్న తన ఫోను మీద పడింది. ఇందాక ఆపింది కదా, నల్లగా ఉంది. మామూలుగా అది నల్లగా ఉండదు. పొద్దున్నించీ సాయంత్రం దాకా అందులో మామగారి మంచం కనబడుతూ ఉంటుంది.

ఆమె మెట్లెక్కింది.

మామగారికి పోయినేడు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడి చెయ్యి పోయింది, ఎడమ చెయ్యి దక్కింది. ఆ తర్వాత ఒకసారి మంచం మీంచి జారి కిందపడ్డారు. కింద పళ్ళు అరగదీసే మిషను మోతలో ఎవరికీ వినబడలేదు. పెద్దకోడలు టీ పట్టుకుని పైకొచ్చేదాకా ఆయన నేల మీదే ఉన్నారు. ఆ టీకప్పు గుమ్మంలోనే పగిలింది. మర్నాడే ఆమె కెమెరా కొనుక్కొచ్చి ఆయన మంచానికెదురుగా పెట్టించింది. ఎంత స్పష్టంగా చూపిస్తే అంత కావాలంది. మనిషి కనబడితే చాలదు, దుప్పటి లేస్తూ పడుతూ ఉండడం కనబడాలి. అది కనబడుతుంటేనే ఆమె చేతిలో కత్తి వణక్కుండా మైనం మీద నడుస్తుంది.

ఆ దుప్పటిని క్షణం తెరిపి లేకుండా బయటికి పంపుతున్నది ఆ కెమెరాయే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే మరి!

ఆమె ప్లగ్గు పీకింది.

"కదిలారు!" కింద నుంచి పళ్ళాయన పొలికేక. "డాక్టరుగారు కదిలారే! ఏం తీశావ్?"

పెద్దకోడలు ప్లగ్గు చేత్తో పట్టుకుని మంచం పక్కన కూలబడింది. మామగారు ఆమెనూ ప్లగ్గునూ మార్చి మార్చి చూశారు. ఎడమ చెయ్యి నెమ్మదిగా ఎత్తి, అరచెయ్యి ఛాతీ మీద ఆనించి, ఆమె వైపు చాపారు.

"మళ్ళీ నొప్పా? ఉండండి మామయ్యగారూ, ఉండండి."

ఆమె చెయ్యి దానంతటదే నొప్పిమందు సీసా మీదికి వెళ్ళింది. ఇది కొత్త కాదు. ఆయన అలా ఛాతీ మీద చెయ్యి వేసుకోవడం ఫోనులో కనబడడం, ఈమె చేస్తున్న పని వదిలేసి పరిగెత్తుకొచ్చి మందు రాయడం రోజూ ఉన్నదే. గుండె చూసిన డాక్టరు భేషుగ్గా ఉందన్నాడు. అయినా ఆ చెయ్యి అక్కడికి వెళుతూనే ఉంది, ఈమె రాస్తూనే ఉంది.

ఈసారి మామగారు సీసాను పక్కకి నెట్టేశారు. కిటికీ వైపు వేలు చూపించారు. కిటికీకి అవతల వీధి, వీధికి అవతల టైలరమ్మ కొట్టు.

"వెళతాను," అంది పెద్దకోడలు. "ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు గానీ, వెళతాను."

భర్తను పిలిచి కూర్చోబెట్టింది. "డాక్టరుగారితో ఇక్కణ్ణుంచే మాట్లాడండి. మామయ్యగారి మీంచి చూపు తిప్పారో, చూడండి మరి!"

టైలరమ్మ కొట్లో మూడు మిషన్లున్నాయి, మూడూ ఆగి ఉన్నాయి. టైలరమ్మ గుమ్మంలోనే పెదాల మీద వేలు పెట్టి, పెద్దకోడలి భుజం పట్టుకుని వెనక గది తలుపు పక్కన నిలబెట్టింది.

చిన్నకోడలు గోడకు నల్లగుడ్డ కట్టుకుంది. చేతులు స్పష్టంగా కనబడాలని ముదురు రంగు చొక్కా వేసుకుంది. ఉంగరం తీసి కుట్టుదారాల డబ్బాలో పెట్టింది. ఎవరో డాక్టరు గొంతు కంప్యూటరులోంచి వస్తోంది, బిడ్డకు జ్వరం తగ్గాక ఏ మందు ఆపాలో, ఏది ఆపకూడదో చెబుతోంది. తెరలో ఓ తల్లి ఒడిలో బిడ్డను పెట్టుకుని చిన్నకోడలి చేతుల్నే చూస్తోంది. ఆ చేతులు చకచకా చెబుతున్నాయి. కనుబొమలు అడుగుతున్నాయి, తల ఔననీ కాదనీ అంటోంది.

ఇన్నేళ్ళుగా ఒకే కప్పు కింద ఉండి, ఈ పిల్ల పని పెద్దకోడలు ఒక్కసారైనా చూడలేదు.

తెర ఆగిపోయింది. ఆ తల్లి రెప్ప వెయ్యకుండా నిలిచిపోయింది. చిన్నకోడలు చెప్పిందే మళ్ళీ చెప్పింది. మళ్ళీ చెప్పింది. కొట్లో ఉన్నది టైలరమ్మ ఫోను లైను, అదెంతసేపు మోస్తుంది పాపం? తెర నల్లబడింది. ఏ మందు ఆపకూడదో ఆ తల్లికి చేరిందో లేదో ఆ దేవుడికే తెలియాలి.

చిన్నకోడలు తల పట్టుకుని, ఎందుకో ఇటు తిరిగింది.

"అక్కా? మామయ్యకేమైనా..."

"బాగున్నారు. మీ బావగారు దగ్గరున్నారు."

 టైలరమ్మ అక్కరలేకపోయినా మిషనుకి నూనె వేస్తూ కూర్చుంది.

"కెమెరా తీసేశాను," అంది చివరికి పెద్దకోడలు.

"ఎందుకు తీశావ్?" చిన్నకోడలు దిగ్గున లేచింది. "వెళ్ళి పెట్టెయ్ అక్కా. నీకు పుణ్యముంటుంది, ముందు వెళ్ళి పెట్టెయ్."

పెద్దకోడలు ఆమెను పట్టి పట్టి చూసింది. "కెమెరాకీ నేనిక్కడికి రావడానికీ ఏమిటి సంబంధమని అడగలేదే నువ్వు."

చిన్నకోడలు కంప్యూటరు మూత వేసింది.

"నీకు తెలుసు. ముందే తెలుసు!"

"ఒకసారి మామయ్య దుప్పటి మారుస్తుంటే ప్లగ్గు ఊడొచ్చింది," అంది చిన్నకోడలు నేల చూపులు చూస్తూ. "నేను గమనించలేదు. ఆ పూట నా వీడియో అద్దంలా వచ్చింది. తర్వాత చూసుకుని, సంగతి అర్థమై, నేనే మళ్ళీ పెట్టాను."

"నోట్లో నాలుక లేదుటే నీకు? మేమన్ని మాటలంటుంటే గుటకలు మింగుతూ నించున్నావే! ఇదిగో దొంగ ఇక్కడుందని చూపిస్తే నీ సొమ్మేం పోయేది?"

"చూపిస్తే నువ్వు తీసేసేదానివి."

"తీసేస్తే?"

"కింద కూర్చోలేవు. పన్ను చెక్కుతూ చెక్కుతూ మెట్లెక్కుతావు, దిగుతావు, మళ్ళీ ఎక్కుతావు. ఆయన పడ్డాక నువ్వెలా అయిపోయావో చూశాను కదక్కా. అన్నం కూడా మెట్ల మీద కూర్చునే తినేదానివి."

"పోనీ, కెమెరా బొమ్మ స్పష్టత కాస్త తగ్గించుకోమనొచ్చుగా?"

"తగ్గించి చూశాను, నీకు తెలియకుండా. మనిషి కనబడుతున్నారు గానీ దుప్పటి కదలడం తెలియడం లేదు. మళ్ళీ పెంచేశాను." చిన్నకోడలు డబ్బాలోంచి ఉంగరం తీసి అటూ ఇటూ తిప్పింది. "నాకు లైను ఎక్కడైనా దొరుకుతుందనుకున్నాను. దొరకలేదు, అంతే."

పెద్దకోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలని అనిపించలేదు. తననూ తన మొగుణ్ణీ నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఏడ్చింది. టైలరమ్మ కత్తిరింపుల్లోంచి ఓ మెత్తటి గుడ్డముక్క అందించింది.

"నీ పని సంగతి చెప్పు," అంది ముక్కు తుడుచుకుని. "ఏమంటున్నారు మీ వాళ్ళు?"

"ఇప్పటికే చాలాసార్లు ఆగిపోయింది. ఈ మధ్యాహ్నం వాళ్ళే కూర్చుని నా పని చూస్తారట. ఇంకొక్కసారి చెయ్యి ఆగితే ఇక పని ఇవ్వమన్నారు. వాళ్ళనీ తప్పు పట్టలేనక్కా. నా చెయ్యి ఆగితే అవతల ఓ తల్లి తప్పు మందు వేస్తుంది."

"పద ఇంటికి."

"మామయ్యని ఎవరు చూస్తారు?"

"నేను. నా బల్ల పైకి తెచ్చుకుంటాను. మైనం చెక్కడానికి లైనెందుకు? ఎదురుగా మనిషిని పెట్టుకుని ఫోనులో చూసుకున్న బుద్ధిలేనిదాన్ని నేనే కాబోలు ఈ భూమ్మీద." ఆమె లేచింది. లేచి, మళ్ళీ ఆగింది. "ఆ గుండె నొప్పి ఒకటి బెంగగా ఉందే. ఇందాక కూడా పట్టుకున్నారు. మందు రాస్తానంటే సీసా నెట్టేశారు."

"నొప్పా? ఎలా పట్టుకున్నారు?"

పెద్దకోడలు అరచెయ్యి ఛాతీకి ఆనించి ముందుకి చాపి చూపించింది.

చిన్నకోడలి కళ్ళు పెద్దవయ్యాయి. "నువ్వు ఇన్నాళ్ళూ దానికి మందు రాస్తున్నావా? ఇల్లంతా ఆ వాసనేమిటా అనుకున్నాను!"

"మరి నొప్పికి మందు రాయకపోతే..."

"నొప్పి కాదక్కా! నేనే నేర్పాను. పనిలేనప్పుడు పక్కన కూర్చుని కొన్ని కొన్ని నేర్పాను. అది..." ఆమె తన అరచెయ్యి ఛాతీకి ఆనించి చాపింది. "అది థాంక్స్ అనడం. మనసారా చెప్పేటప్పుడు అలా గుండె మీంచి తీసి ఇస్తారు. నువ్వు కింద నుంచి చూస్తున్నావని తెలుసు కదా, ఆయన రోజూ ఆ కెమెరా వైపు తిరిగి నీకే చెబుతున్నారు."

"ఆవిడేమో సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చి రుద్దేస్తోందా!" టైలరమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. మిషను మీద వాలిపోయి పకపకా నవ్వింది. చిన్నకోడలు ఏడుస్తూ నవ్వింది. పెద్దకోడలు మాత్రం గుడ్డముక్క నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నించుంది. ఆయన తనకేదో చెబుతున్నారని ఒక్కరోజు, కనీసం ఒక్కరోజు అనుకోలేదు.

భోజనాలు ఎవరు తిన్నారో ఎవరు తినలేదో గుర్తులేదు. పళ్ళాయన బల్లను ఒంటరిగా మోసుకుంటూ మెట్లెక్కి, మూల తగిలి వేలు చితక్కొట్టుకుని, ఎవరినీ ఏమీ అనకుండా మళ్ళీ కిందికి వెళ్ళి ఇంట్లో ఉన్నవన్నీ ఆపేశాడు. డాక్టరుగారి పన్ను ఖాయమైపోయింది, ఇక దానితో పనిలేదు. చిన్నకోడలి గది గుమ్మం దగ్గర కాసేపు తచ్చాడాడు.

"అమ్మాయ్, మొన్న నేను..."

"బావగారూ, టైమవుతోంది."

"ఆఁ ఆఁ. కానియ్ తల్లీ." తలుపు ఆయనే నెమ్మదిగా దగ్గరికి వేశాడు.

మామగారి గదిలో పెద్దకోడలు మైనం ముందు కూర్చుంది. చేతిలో కత్తి ఉంది గానీ కదలడం లేదు. పక్కగదిలో ఆ పిల్ల బతుకుతెరువు తేలిపోతోంది, ఇక్కడ చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది.

"మామయ్యగారూ," అంది గుసగుసగా, "ఆ మందు అన్నాళ్ళు ఎలా భరించారండీ?"

ఆయన నోరు ఒక పక్కకి నవ్వింది, భుజాలు ఊగాయి. ఈ కోడలు థాంక్స్‌కి జవాబు మందు రాసి చెబుతుంది కాబోలని సరిపెట్టుకున్నారేమో మహానుభావుడు!

తలుపు తెరుచుకుంది. చిన్నకోడలు గుమ్మంలో నించుంది, నుదురంతా చెమట.

"ఒక్కసారి కూడా ఆగలేదక్కా! నా పని నాకే ఉంది!"

పెద్దకోడలు కత్తి కింద పడేసి, ఆ పిల్లను గట్టిగా పట్టుకుంది. మొగుడు మెట్ల మీంచే "హమ్మయ్య" అని గట్టిగా అన్నాడు.

ఆ హమ్మయ్య పూర్తికాకుండానే వీధి తలుపు చప్పుడైంది. మరిది, చిన్నకోడలి మొగుడు, గబగబా మెట్లెక్కి వచ్చాడు. చేతిలో తాళంచెవి ఉంది.

"వదినా, నువ్వూ ఇక్కడే ఉన్నావా? మంచిదైంది. మేమిద్దరం ఉండడానికి ఇల్లు చూశాను. ఈ వీధిలోలా కాదు, అక్కడ కొత్త లైను. నేను కోపంతో వెళ్ళడం లేదు వదినా. తన పని పోతుందేమోనని భయం, అంతే."

 అతను అన్నదాంట్లో తప్పేముంది? ఇవాళ ఆపినట్టు రోజూ ఇల్లంతా ఆపుకుని కూర్చుంటారా?

పెద్దకోడలికి చెప్పాలనుంది. ఉండిపోండని చెప్పే హక్కు మొన్న ఆ బల్ల దగ్గరే పోగొట్టుకుంది.  ఆమె అరచెయ్యి ఛాతీకి ఆనించి, వంకరటింకరగా, చిన్నకోడలి వైపు చాపింది.

చిన్నకోడలు ఆ చేతిని చూసింది. తాళంచెవిని చూసింది.

అప్పుడు మంచం మీద మామగారి ఎడమ చెయ్యి లేచింది. గుండె మీద కాదు, ఇది వేరే. వేళ్ళు ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి, పెద్దకోడలి వైపు వెళ్ళి, చిన్నకోడలి వైపు వెళ్ళి, ఒక్కచోట ఆగాయి. చూస్తూనే చిన్నకోడలు గుడ్డముక్క కోసం వెతుక్కుంది, దొరక్క అరచేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

"ఏమన్నారే?" పెద్దకోడలు ఆత్రంగా అడిగింది. "ఏమంటున్నారు ఆయన?"

"ఈ ఒక్కటీ నేను చెప్పనక్కా. ఇది నీకు చెప్పింది. నువ్వే నేర్చుకుని తెలుసుకోవాలి."

పెద్దకోడలు మామగారిని చూసింది. మరిది గుప్పిట్లో తాళంచెవిని చూసింది.

"నువ్వెళ్ళిపోతే నాకెవరు నేర్పుతారే?"